లాప్‌టాప్‌కు వెలిగే కీబోర్డు: డబ్బు కట్టే ముందు చూసుకోవలసినవి

మన హాస్టల్లో రాత్రి పది దాటితే గదిలో ట్యూబులైటు ఆర్పేయాలన్నది పాత విద్యార్థులకూ ఇప్పటివారికీ తెలిసిన నియమమే. ఒక్కో గదిలో ఎనిమిది మందిమి, పది మందిమి ఉంటాం. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివేవాళ్లు పదింటికే పడుకుంటారు. ప్రాజెక్టు రిపోర్టు, ఆన్‌లైన్ పరీక్షల ప్రాక్టీసు, స్కాలర్‌షిప్ దరఖాస్తు వంటి పనులున్నవాళ్లు మాత్రం అర్ధరాత్రి దాకా లాప్‌టాప్ ముందు కూర్చోక తప్పదు. అలాంటివారికి మీటల మీది అక్షరాలు లోపలి నుంచి వెలిగే కీబోర్డు, అంటే బ్యాక్‌లిట్ కీబోర్డు, ఎంతో ఉపయోగపడుతుంది. పక్కవారి నిద్ర చెడదు, మన పనీ ఆగదు.

మనలో చాలామంది దగ్గర ఉన్నవి పాత లాప్‌టాప్‌లే. కంపెనీలు కొన్నేళ్లు వాడి అమ్మేసిన థింక్‌ప్యాడ్‌లు, లాటిట్యూడ్‌లు, ఎలైట్‌బుక్‌లు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, మన జిల్లా కేంద్రంలోని సెకండ్‌హ్యాండ్ షాపులోనో కొన్నవి. వీటిలో చాలా మోడళ్లను తయారీ కంపెనీలు రెండు రకాలుగా అమ్మాయి. ఒకటి మామూలు కీబోర్డుతో, ఇంకొకటి వెలిగే కీబోర్డుతో. కనుక “మనదానికి కూడా ఆ రెండో రకం వేయించుకుంటే పోదా?” అనే ఆలోచన రావడం సహజం. కొన్నింటికి అది పది నిమిషాల పని. కొన్నింటికి ఎంత ఖర్చు పెట్టినా కాని పని. ఈ రెంటికీ తేడా డబ్బు కట్టకముందే తెలుసుకోవచ్చు. అదెలాగో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసినవాళ్లలో నేనే మొదటివాణ్ణి. రెండు వేల రూపాయలంటే ఇంట్లో ఎన్ని రోజుల కూలి డబ్బో నాకు తెలుసు, మీకూ తెలుసు. “సెట్ అవుతుంది తీసుకో” అన్న ఒక్క మాట మీద ఆ డబ్బు ఖర్చు కాకూడదు.

వెలుగు ఎక్కడి నుంచి వస్తుంది?

ముందుగా లోపల ఏముందో తెలుసుకుందాం. లాప్‌టాప్ కీబోర్డు పొరలు పొరలుగా ఉంటుంది. పైన మీటలు. వాటి కింద మీటను పైకి లేపే చిన్న రబ్బరు బుడిపెలు, కత్తెరలా కదిలే ప్లాస్టిక్ ముక్కలు. వాటి కింద పలుచని ప్లాస్టిక్ పొర, దాని మీద సర్క్యూటు గీతలు. మనం మీట నొక్కినప్పుడు ఆ గీతలు ఒకదానికొకటి తగిలి ఏ మీట నొక్కామో బోర్డుకు తెలుస్తుంది. వీటన్నింటినీ పట్టి ఉంచే లోహపు పలక ఒకటి ఉంటుంది.

వెలిగే కీబోర్డులో వీటికి తోడు పారదర్శకమైన మరో పలుచని షీటు ఉంటుంది. చిన్న ఎల్‌ఈడీ దీపాల వెలుగును ఆ షీటు కీబోర్డు అంతటా పరుస్తుంది. లోహపు పలకలోని రంధ్రాల గుండా ఆ వెలుగు పైకి వస్తుంది. మీటలు కూడా వేరు. కాంతి దూరే ప్లాస్టిక్‌తో మీటను చేసి, పైన నల్లరంగు వేసి, అక్షరం ఉన్న చోట ఆ రంగును తీసేస్తారు. అందువల్ల అక్షరం మాత్రమే వెలుగుతుంది. మామూలు కీబోర్డు మీట మీద అక్షరం తెల్లరంగుతో అచ్చువేసి ఉంటుంది. దాని కింద దీపం పెట్టినా వెలుగు పైకి రాదు. కాబట్టి మన పాత కీబోర్డుకే లైటు పెట్టించుకోవడం కుదరదు, కీబోర్డు మొత్తం మార్చవలసిందే.

ఇక ఆ దీపాలకు కరెంటు ఎవరివ్వాలి? మదర్‌బోర్డు. ఎప్పుడు వెలగాలి, ఎంత వెలగాలి అని చెప్పేది కూడా మదర్‌బోర్డు మీద ఉండే చిన్న కంట్రోలరు చిప్పు, దానిలోని ప్రోగ్రాము. అంటే కీబోర్డు సరైనదైతే సరిపోదు. బోర్డు దానికి కరెంటు ఇవ్వగలగాలి, ప్రోగ్రాముకు దాని సంగతి తెలిసి ఉండాలి. ఈ మూడూ కలిస్తేనే వెలుగు.

మొదటి పరీక్ష: పేరు చూడకండి, నంబరు చూడండి

లాప్‌టాప్ మూత మీద ఉన్న పేరు చూసి విడిభాగం కొనడం ఊరి పేరు ఒక్కటే రాసి ఉత్తరం వేయడం లాంటిది. ఉదాహరణకు థింక్‌ప్యాడ్ టి470, టి480 లకు ఒకే కీబోర్డు సరిపోతుంది. కానీ టి480, టి480ఎస్ లకు సరిపోదు. పేరులో ఒక్క అక్షరమే తేడా, కీబోర్డు మాత్రం వేరు. అలాగే టి430, ఇ430 పేర్లు అన్నదమ్ముల్లా వినిపించినా వాటి కీబోర్డులు వేరువేరు.

అందుకే ప్రతి కంపెనీ తన విడిభాగాలకు నంబర్లు ఇస్తుంది. లెనోవోలో దాన్ని ఎఫ్‌ఆర్‌యూ నంబరు అంటారు. అది అక్షరాలు, అంకెల కలయికగా ఉంటుంది. డెల్‌లో డీపీ/ఎన్ అని రాసి, సున్నాతో మొదలయ్యే నంబరు వేస్తారు. హెచ్‌పీలో స్పేర్ పార్ట్ నంబరు ఉంటుంది. దాని చివర గీత తర్వాత వచ్చే మూడు అంకెలు లేదా అక్షరాలు కీబోర్డు ఏ భాషకో, ఏ దేశానికో చెబుతాయి. 001 అంటే అమెరికా రకం, 031 అంటే బ్రిటన్ రకం.

ఈ నంబరు కీబోర్డు వెనకవైపు అంటించిన స్టిక్కరు మీద ఉంటుంది. అదే స్టిక్కరు మీద చికోనీ, లైటాన్, సన్‌రెక్స్ వంటి పేర్లు, వాటి సొంత నంబర్లు కూడా కనిపించవచ్చు. ఇవి లాప్‌టాప్ కంపెనీలకు కీబోర్డులు తయారుచేసి ఇచ్చే సంస్థలు. ఒకే కీబోర్డును ఇద్దరు ముగ్గురు తయారుచేస్తే ఒక్కొక్కరి దానికి ఒక్కో ఎఫ్‌ఆర్‌యూ నంబరు ఉంటుంది. కాబట్టి నంబరు వేరుగా ఉన్నంత మాత్రాన పనికిరాదని అనుకోనక్కరలేదు. మీ మోడల్ జాబితాలో ఆ నంబరు ఉందా లేదా అన్నదే చూడాలి.

ఆ జాబితా ఎక్కడ దొరుకుతుంది? కంపెనీ వెబ్‌సైటులో ఉచితంగా. లెనోవో వారు థింక్‌ప్యాడ్‌లకు హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్ అనీ, హెచ్‌పీ వారు మెయింటెనెన్స్ అండ్ సర్వీస్ గైడ్ అనీ పుస్తకాలు పెట్టారు. డెల్ వారి సర్వీస్ మాన్యువల్‌లో విప్పే పద్ధతి బొమ్మలతో ఉంటుంది. లాప్‌టాప్ అడుగున ఉన్న సీరియల్ నంబరు లేదా సర్వీస్ ట్యాగ్ కొడితే, ఆ లాప్‌టాప్ ఫ్యాక్టరీ నుంచి ఏ భాగాలతో బయటికి వచ్చిందో కూడా చాలావరకు తెలిసిపోతుంది. లెనోవోలో అడుగున నాలుగు అక్షరాల టైపు నంబరు ఉంటుంది. టి480 అయితే 20ఎల్5 లేదా 20ఎల్6. షాపువారితో మాట్లాడేటప్పుడు మోడల్ పేరుతో పాటు ఇది కూడా చెప్పండి.

రెండో పరీక్ష: బోర్డు మీద సాకెట్ ఉందా?

ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. చాలా మోడళ్లలో వెలిగే కీబోర్డుకు రెండు రిబ్బన్ కేబుళ్లు ఉంటాయి. వెడల్పుగా ఉన్నది మీటలకు, సన్నగా ఉన్నది దీపాలకు. ఆ సన్న రిబ్బన్ దూర్చడానికి మదర్‌బోర్డు మీద ఒక చిన్న సాకెట్ ఉండాలి. మామూలు కీబోర్డుతో వచ్చిన లాప్‌టాప్‌లలో కొన్నింటికి ఆ సాకెట్ ఖాళీగా ఉంటుంది. అలాంటివి అదృష్టవంతులవి. తక్కువ ధర మోడళ్లు కొన్నింటిలో కంపెనీ ఖర్చు తగ్గించుకోవడానికి సాకెట్‌ను అతికించనే లేదు. దాని స్థానంలో టంకం వేయడానికి వదిలిన చుక్కలు మాత్రం కనిపిస్తాయి.

మా గదిలోని మిత్రుడొకడికి ఇలాగే జరిగింది. షాపులో కొత్త కీబోర్డు చక్కగా బిగించారు. మీటలన్నీ పనిచేశాయి. లైటు మాత్రం రాలేదు. విప్పి చూస్తే సన్న రిబ్బన్ ఎక్కడా తగిలించకుండా లోపల మడిచి వదిలేసి ఉంది. బోర్డు మీద సాకెట్ లేదు. “ఒకసారి బిగించిన సామాను వాపసు తీసుకోం” అన్నారు. వాడికి మిగిలింది మామూలు కీబోర్డు పనే చేసే ఖరీదైన కీబోర్డు.

కాబట్టి కొనకముందే అడుగు మూత విప్పించి సాకెట్ చూడండి. కొన్ని మోడళ్లలో బోర్డు తిరగేస్తే గాని కనిపించదు. అప్పుడు సర్వీస్ మాన్యువల్‌లో కీబోర్డు తీసే పేజీ చూడండి. “కీబోర్డు బ్యాక్‌లైట్ కేబులు” అని వేరే చూపించారంటే ఆ మోడల్‌లో ఆ ఏర్పాటు ఉందన్నమాట. మీ బోర్డులో ఉందో లేదో మాత్రం కంటితో చూసే నిర్ధారించుకోవాలి. బయాస్ మెనూలోకి వెళ్లి కీబోర్డు వెలుగుకు సంబంధించిన ఆప్షన్ ఉందేమో కూడా చూడండి. ఉంటే మంచి సూచనే గాని, దాని ఒక్కదాని మీద ఆధారపడి డబ్బు కట్టవద్దు.

మూడో పరీక్ష: ఎలా బిగించారు?

కొన్ని లాప్‌టాప్‌లలో కీబోర్డు పైనుంచే ఊడి వస్తుంది. రెండు మూడు మరలు విప్పితే చాలు. పాత థింక్‌ప్యాడ్‌లు, పాత లాటిట్యూడ్‌లు చాలావరకు ఈ రకమే. ఇంకొన్నింటిలో అడుగు మూత, బ్యాటరీ, మదర్‌బోర్డు అన్నీ తీస్తేగాని కీబోర్డు దగ్గరికి చేరలేం. అక్కడ కూడా మరలకు బదులు ప్లాస్టిక్ మొటిమలను కరిగించి అతికించి ఉంటారు. వాటిని తెంచి కీబోర్డు తీస్తే మళ్లీ గట్టిగా కూర్చోదు. అందుకే ఇలాంటి మోడళ్లకు చెయ్యి ఆనించే పై భాగంతో సహా కీబోర్డు మార్చడం మేలు. షాపుల్లో దీన్ని సి ప్యానల్ అంటారు. ధర ఎక్కువ, కూలి కూడా ఎక్కువ. కీబోర్డు ధర ఒక్కటే విని బయలుదేరితే అక్కడ బిల్లు రెట్టింపు కావచ్చు.

నాలుగో పరీక్ష: మీటల అమరిక

మన దేశంలో అమ్మే లాప్‌టాప్‌లలో ఎక్కువ భాగం అమెరికన్ అమరికవి. వాటిలో ఎంటర్ మీట అడ్డంగా, ఒకే వరుసలో ఉంటుంది. బ్రిటన్ అమరికలో ఎంటర్ మీట రెండు వరుసలు ఆక్రమించి నిలువుగా ఉంటుంది, ఎడమవైపు షిఫ్టు పొట్టిగా ఉంటుంది. ప్రతి మీటకూ విడివిడిగా గడి ఉన్న పై మూతలో ఒక అమరిక కీబోర్డు ఇంకొక అమరికకు దూరదు. విదేశాల నుంచి వచ్చిన పాత సామాను తక్కువ ధరకు దొరికినప్పుడు ఇది తప్పక చూడాలి.

మీటల మధ్య కర్సర్ కదిపే చిన్న బొడిపె, దాని బటన్లు ఉన్న మోడళ్లు, లేని మోడళ్లు కూడా ఉంటాయి. ఒకే లాటిట్యూడ్ మోడల్‌లో కూడా ఈ రెండు రకాలూ వచ్చాయి. పాతదానికి ఏది ఉందో కొత్తదానికీ అదే ఉండాలి.

మీట మీద రూపాయి గుర్తు లేదని వెనకాడవద్దు. ఆ గుర్తును కేంద్ర ప్రభుత్వం 2010 జులైలో ఆమోదించింది. దాన్ని టైపు చేయడం విండోస్‌లో భాష సెట్టింగును బట్టి ఉంటుంది. తెలుగు టైపింగు కూడా అంతే, ఇన్‌స్క్రిప్ట్ అమరిక ఏ కీబోర్డు మీదైనా పనిచేస్తుంది. కానీ తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించుకునేవారు పారదర్శకమైనవే తీసుకోండి. మామూలు స్టిక్కరు అంటిస్తే వెలుగు కాస్తా మూసుకుపోతుంది.

ఒక ఉదాహరణ: థింక్‌ప్యాడ్ టి430

పైన చెప్పిన పరీక్షలను మనవాళ్ల దగ్గర ఇప్పటికీ కనిపించే టి430కు అన్వయించి చూద్దాం. ఇది 2012లో వచ్చింది. అదే తరానికి చెందిన టి530, డబ్ల్యు530, ఎక్స్230 లకూ దీనికీ కీబోర్డు ఒకటే. ఒకదాని నుంచి తీసింది ఇంకొకదానికి సరిపోతుంది. అడుగున కీబోర్డు గుర్తు ఉన్న మరలు విప్పి, కీబోర్డును తెర వైపు కొద్దిగా నెట్టి, మనవైపు అంచును పైకెత్తితే ఊడి వస్తుంది. కింద ఒకటే కనెక్టరు. దీపాలకు కరెంటు కూడా దాని గుండానే వెళ్తుంది, కనుక వేరే సాకెట్ వెతకనక్కరలేదు. బిగించాక ఎఫ్‌ఎన్ మీట పట్టుకొని స్పేస్‌బార్ నొక్కితే వెలుగుతుంది. నాలుగు పరీక్షలూ నెగ్గే మోడల్ ఇలా ఉంటుంది.

దీనికి ముందు ఏడాది, 2011లో, వచ్చిన టి420 కీబోర్డు సంగతి చూడండి. ఏడు వరుసల ఆ పాత కీబోర్డు టైపింగుకు బాగుంటుందని ఇష్టపడేవారు చాలామంది. కనెక్టరు కూడా టి430 దానికి తగులుతుంది. అయినా ప్లాస్టిక్ కొంత అరగదీస్తేగాని సరిగా కూర్చోదు. కూర్చున్నా కొన్ని మీటలు పనిచేయాలంటే కంట్రోలరు ప్రోగ్రామునే మార్చాలి. పైగా టి430 బోర్డు దీపాల కోసం కరెంటు పంపే పిన్నులు ఈ పాత కీబోర్డులో షార్ట్ కాకుండా టేపుతో కప్పాలి. తగిలింది కదా అని వదిలేస్తే బోర్డుకే ప్రమాదం. కనెక్టరు తగలడం వేరు, సరిపోవడం వేరు అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

షాపులో అడగవలసినవి

షాపుకు వెళ్లే ముందు ఒక కాగితం మీద రాసుకోండి: మోడల్ పేరు, టైపు నంబరు లేదా సర్వీస్ ట్యాగ్, మాన్యువల్‌లో ఉన్న వెలిగే కీబోర్డు నంబర్లు. అక్కడ ఈ మాటలు అడగండి.

1. “అన్నా, కీబోర్డు వెనక స్టిక్కరు ఒకసారి చూపిస్తారా?” ఫోన్లో మాట్లాడుతుంటే ఫొటో పంపమనండి. ముందువైపు ఫొటోతో ఏమీ తేలదు.

2. “దీనికి రిబ్బన్లు ఎన్ని? సన్నది మా బోర్డులో ఎక్కడ తగులుతుంది?”

3. “ఇది కంపెనీ నుంచి తీసిన ఒరిజినలా, అదే సైజులో వేరేవాళ్లు చేసిందా?” రెండో రకం తప్పని కాదు, ధర మాత్రం దానికి తగ్గట్టు ఉండాలి.

4. “లైటు వెలగకపోతే వాపసు తీసుకుంటారా?” తీసుకుంటామంటే బిల్లు మీద ఆ మాట రాయించుకోండి.

ఇవి అడగడానికి మొహమాటపడవద్దు. మన ఇళ్లలో పెద్దలు కొట్టు ముందు నిలబడి ప్రశ్నలు అడగడానికి జంకేవారు, “ఏమో బాబూ, మీరు చెప్పిందే” అనేవారు. చదువుకున్నందుకు మనకు దక్కిన మేలు, నంబరు చదివి ప్రశ్న అడగగలగడం. మంచి షాపువాడు ఈ ప్రశ్నలకు సంతోషంగా జవాబు చెబుతాడు. విసుక్కునేవాడి దగ్గర కొనకపోవడమే మంచిది.

బిగించేటప్పుడు

చార్జరు తీసేయండి, బ్యాటరీ తీసేయండి. బ్యాటరీ లోపలే ఉండే థింక్‌ప్యాడ్‌లలో బయాస్‌లోకి వెళ్లి దాన్ని తాత్కాలికంగా ఆపే ఆప్షన్ ఉంటుంది. రిబ్బన్ సాకెట్‌కు చిన్న తలుపు లాంటి గొళ్లెం ఉంటుంది. దాన్ని గోటితో నెమ్మదిగా లేపి రిబ్బన్ తీయాలి. బలంగా లాగితే గొళ్లెం విరుగుతుంది, బోర్డు పని పడుతుంది. విప్పిన మరలను, ఏది ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసి దాని మీదే పెట్టండి. పొట్టి మర చోట పొడుగు మర బిగిస్తే లోపల భాగాలు దెబ్బతింటాయి. రిబ్బన్లు తగిలించాక మూత పూర్తిగా వేయకముందే ఒకసారి ఆన్ చేసి మీటలు, లైటు చూడండి. మరలు బిగించేటప్పుడు మళ్లీ ఆఫ్ చేయండి.

మీ లాప్‌టాప్‌కు సరిపడదని తేలితే

సాకెట్ లేని బోర్డుకు తీగలు అతికించి లైటు తెప్పిస్తామని కొందరు అంటారు. ఒప్పుకోకండి. ఆ వెలుగు తగ్గించడానికీ ఆర్పడానికీ కంట్రోలరు అదుపు ఉండదు, అతుకు తేడా వస్తే బోర్డు పోతుంది. దానికన్నా యూఎస్‌బీ పోర్టులో గుచ్చే వంకర మెడ ఎల్‌ఈడీ దీపం కొనుక్కోండి. వందా రెండు వందల్లో వస్తుంది. మీటల మీదికే వంచితే పక్కవారి కళ్లలో పడదు. లాప్‌టాప్ మారినా పనికొస్తుంది.

ఖర్చే లేని దారి ఇంకొకటుంది. ఎఫ్, జె మీటల మీద వేలికి తగిలే చిన్న గీత ఉంటుంది, గమనించారా? చూపుడు వేళ్లు అక్కడ ఆనిస్తే మిగతా మీటలు వాటంతటవే వేళ్ల కిందికి వస్తాయి. టైపు లోయరు, హయ్యరు పాసైన అన్నలు మీటల వంక చూడకుండానే కొట్టేది ఇలాగే. రోజూ అరగంట చొప్పున కొన్నాళ్లు సాధన చేస్తే చీకటి పెద్ద అడ్డంకి కాదు.

చివరగా ఒక మనవి. మన రీడింగ్ రూములో ఒక నోటుబుక్కు పెడదాం. ఎవరు ఏ లాప్‌టాప్‌కు ఏ భాగం వేయించుకున్నా మోడల్, టైపు నంబరు, భాగం నంబరు, పెట్టిన ఖర్చు, పనిచేసిందా లేదా అన్న ఐదు సంగతులు అందులో రాయాలి. పనిచేయనివి కూడా తప్పక రాయాలి, ఎందుకంటే రెండోవాడి డబ్బు కాపాడేది ఆ పేజీయే. ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులు తమ పాత లాప్‌టాప్‌ల వివరాలు పంపితే అవీ చేరుస్తాం. వచ్చే వార్షికోత్సవం నాటికి ఆ పుస్తకం సగమైనా నిండాలని కోరుకుంటున్నాను.

— హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.సి.ఏ. చివరి సంవత్సరం